బల్ల కింద స్విచ్చు

మెకానిక్ టార్చి పట్టుకుని బల్ల కింద దూరాడు. ఆ ఇంటావిడ కుర్చీ పక్కకు లాగి నిలబడింది.

"కంప్యూటర్‌లో ఏ లోపమూ లేదమ్మా. ఇక్కడ గోడ స్విచ్చే ఆపేసి ఉంది."

"నేను ముట్టుకోలేదు. ఇంట్లో ఇంకెవరూ లేరు కూడా."

"వదులైందేమో అనుకున్నా, గట్టిగానే ఉంది. చుట్టూ ఈ గీతలేంటి?"

"నాన్న చేతికర్ర గుర్తులు. భోజనానికి ఎన్ని కేకలేసినా నేను లేవకపోతే, కర్రతో స్విచ్చు కట్టేసేవారు."

"మరి ఆయన్నే అడక్కపోయారా?"

"ఆయన పోయి ఏడాదైంది."

మెకానిక్ టార్చి ఆర్పి బల్ల కింద నుంచి బయటికొచ్చాడు.

"ఇవాళ ఎప్పుడు ఆగిందమ్మా?"

"వడ్డించుకున్న కంచం చల్లారిపోయాక."

"స్విచ్చు పైకి మార్చేస్తాను, ఎవరికీ అందకుండా."

"వద్దు బాబూ, అక్కడే ఉండనీ. లేచి తినమనడానికి నాకింకెవరున్నారు?"