జారుముడి రామబ్రహ్మం గారు

1971 జూలై 12, సోమవారం ఉదయం జగ్గయ్యపేట పశువైద్యశాలలో సహాయకులుగా చేరిన శ్రీ రామబ్రహ్మం గారు, దాదాపు ముప్పై ఆరు సంవత్సరాల నిష్కళంక సేవానంతరం, ఈ 2007 జూన్ 30న నందిగామ వైద్యశాల నుంచి పదవీ విరమణ చేస్తున్నారు. ‘నిష్కళంక’ అన్న మాట వినగానే ఆయన అడ్డుపడ్డారు. “ఒక మచ్చ ఉందండీ. అది కూడా రాయండి” అని పట్టుబట్టారు. సరే, రాస్తున్నాం.

తొలి ఇరవై ఏళ్లూ ఎడ్లకూ గేదెలకూ అంకితభావంతో సేవచేసిన ఆయన 1992లో నందిగామకు బదిలీ అయ్యారు. ఏ జీవాన్ని తీసుకెళ్లినా “సూది తరవాత, ముందు తాడు చూడనివ్వండి” అనేవారు. ఒక్క లాగుకి విడిపోయే జారుముడి వేయనిదే చెయ్యి వేసేవారు కాదు. ఆయన శ్రీమతి జ్ఞానప్రసూనాంబ గారైతే “మా ఇంట్లో బట్టల దండేనికీ అదే ముడండీ! కొసన చెయ్యి తగిలిందా, ఉతికిన చీరలన్నీ మట్టిలోనే” అని నెత్తి కొట్టుకుంటారు.

ఇక ఆ మచ్చ. జగ్గయ్యపేట బస్టాండులో జట్కా తోలే బుల్లిబాబు, ఆటోలొచ్చి బేరాలు పోయాక బండి అమ్మేసి, తన గుర్రం సింగారిని పెళ్లి ఊరేగింపులకు తిప్పుకుంటూ బతికేవాడు. పెళ్లికెళ్లే గుర్రాన్ని పసుపుతాడుతో, మూడు ముళ్లేసి కట్టాలని అతని పట్టుదల. 1996 మాఘమాసంలో కంచికచర్ల పెళ్లికి సింగారిని లారీ కమ్మీకి అలాగే బిగించాడు. ఆ పెళ్లికే పిలుపు అంది అదే లారీలో వెళుతున్న రామబ్రహ్మం గారు ఆ ముళ్లు చూశారు. మాట నాలిక చివరిదాకా వచ్చింది. మగపెళ్లివారంతా అక్కడే ఉన్నారు. శుభమా అని బయల్దేరుతుంటే కీడుమాట ఎందుకులే అని ఊరుకున్నారు.

కీసర దగ్గర బస్సు అడ్డొచ్చి డ్రైవరు గట్టిగా బ్రేకు వేశాడు. సింగారి కాళ్లు జారి, మెడ తాడుకు వేలాడింది. బరువుకు మూడు ముళ్లూ బిగుసుకుపోయాయి. ముగ్గురు మనుషుల గోళ్లు విరిగినా ముడి రాలేదు. చివరికి రామబ్రహ్మం గారు మందుల సంచీలోని చిన్న కత్తెరతో పీచుపీచుగా కోసి దాని ప్రాణం దక్కించారు. కానీ ఆనాటి నుంచి లారీ కనబడితే చాలు, అది బెదిరి వెనక్కి గుంజుకునేది. లారీ ఎక్కని గుర్రానికి పెళ్లి బేరాలెక్కడివి? బుల్లిబాబు ఇంట పొయ్యి వెలగడమే కష్టమైంది.

ఆ మర్నాటి నుంచి రామబ్రహ్మం గారు రోజూ సాయంత్రం ఆఫీసు కాగానే జగ్గయ్యపేట బస్సెక్కారు. గుంజకు పురికొస ఉంగరం కట్టి, దానికి తలతాడును గుర్రం వీపు ఎత్తున, మూరెడు పొడవుంచి జారుముడితో బిగించేవారు. బెదిరి లాగితే పురికొసే తెగేది, మెడకేమీ అయ్యేది కాదు. తెగినప్పుడల్లా కొత్తది కట్టేవారు. అది లాగడం మానేశాక, నిలిపిన లారీలో ఉలవలు పెట్టి అలవాటు చేశారు. ఎక్కించాక వెనక తలుపు వేసి, అప్పుడే తాడు కట్టాలి. దించేటప్పుడు ముందు తాడు విప్పి, ఆ తరవాతే తలుపు తీయాలి. ఈ వరస బుల్లిబాబు చేత వందసార్లు చేయించారు.

వైశాఖం ముహూర్తాలకు వారం ముందు సింగారి తనంతట తానే లారీ ఎక్కి ఉలవలు నమిలింది. బుల్లిబాబు భోరున ఏడ్చేశాడు. అప్పుడు చెప్పారు రామబ్రహ్మం గారు: “ఆ రోజు నీ ముళ్లు చూసి కూడా నోరు మూసుకున్నానయ్యా.”

“చెప్పినా నేను వినేవాణ్ణి కాదండీ!”

“వినకపోతే నీ తప్పయ్యేది. చెప్పకపోవడం నా తప్పయింది.”

పసుపుతాడు మూడు ముళ్లూ గుర్రం మెడగంటకు వేయమని, కమ్మీకి జారుముడే ఉంచమని ఆయనే రాజీ కుదిర్చారు. జగ్గయ్యపేటలో నేటికీ అదే పద్ధతి. ఇదేనట మచ్చ! ఇలాంటిది మాకూ ఒక్కటుంటే ధన్యులమయ్యేవాళ్లం.

ఆ దంపతులకు ఆయురారోగ్య ఐశ్వర్యాలు కాంక్షిస్తూ మేమంతా పెద్ద పెద్ద సమాసాలు వెతుక్కుంటుండగా, మొన్న ఆఫీసుకొచ్చిన బుల్లిబాబు, కండువా తీసి చేతులు జోడించి ఒక్క ముక్కలో తేల్చేశాడు:

“గుర్రానికి మీ జారుముడే ఖాయమండీ. మీ ఆయుష్షుకు మాత్రం నా మూడు ముళ్లే.”