ఆవిడ మీకేమవుతారు?

ఎన్నికల రోజు, పొద్దు వాలుతోంది. కౌంటీ కార్యాలయంలో ఓట్ల పెట్టె, దాని పక్కన కుర్చీలో గుమాస్తా జోనెల్, ఎదురుగా ముందే నింపి అంటించిన ఓటు కవరు పట్టుకుని ముసలి ఆర్విడ్. బయట రోడ్డు పక్కన ఆగిన కారులో డెల్ఫా. ఈ నిబంధనలు రాసిన మహానుభావులు మాత్రం ఆ చుట్టుపక్కల ఎక్కడా లేరు.

“అది కాదు ఆర్విడ్ గారూ, కవరు మీద పేరు డెల్ఫా గారిది.”

“డెల్ఫా ఓటు మీద డెల్ఫా పేరు కాక నా పేరుంటుందా? నాది పొద్దున్నే వేశా. జరుగు, ఇది పెట్టెలో పడేసి పోతా.”

“ఆగండాగండి! ఎవరి కవరు వాళ్ళే వెయ్యాలి.”

“పోయినసారి నువ్వే కదమ్మా కారు దగ్గరికొచ్చి తీసుకున్నావ్? చలికి వణుకుతూనే దాంతో కబుర్లు కూడా చెప్పావు.”

“పోయినసారి మమ్మల్ని బయటికి రానిచ్చారు. ఈసారి ఆ పద్ధతి తీసేశారు. పెట్టె కూడా అప్పుడు రోడ్డు పక్కనే ఉండేది, ఇప్పుడు ఇక్కడ బిగించారు. దీన్ని వదిలి నేను లేవకూడదు.”

“అయితే డెల్ఫాని ఎత్తుకు రమ్మంటావా? దాన్ని కుర్చీలోకి దింపాలంటే ఆ ముసలివాళ్ళ హోమ్‌లో ఇద్దరు మనుషులూ ఓ యంత్రమూ కావాలి. నా నడుం సంగతి నీకు తెలీదా?”

“తెలుసు.”

“మరి?”

“సొంతవాళ్ళయితే తేవచ్చు. భర్తో, పిల్లలో, తోబుట్టువులో. సంతకం పెట్టి వెయ్యాలి.”

“ఈ ముక్క ముందే చెప్పొచ్చుగా! పెన్నివ్వు.”

“ఆర్విడ్ గారూ...”

“ఇవ్వమ్మా, అవతల అది ఎదురుచూస్తోంది.”

“ఆవిడ మీకేమవుతారని రాస్తారు?”

“ఏమవుతుందంటావేంటి? ఊరంతటికీ తెలుసు. మా పెళ్ళిలో మీ అమ్మ పాడింది కూడా.”

“పాడింది. కానీ... నిరుడు మీ విడాకుల కాగితం మీద ముద్ర వేసింది నేనే కదండీ.”

“మెల్లిగా మాట్లాడు.”

“మెల్లిగానే అన్నాను.”

“అది ఉత్త కాగితం! మొగుడి పేరున పొలం ఉంటే పెళ్ళాం హోమ్ ఖర్చు ప్రభుత్వం ఇవ్వదన్నారు. విడిపొమ్మని లాయరే చెప్పాడు. రోజూ మధ్యాహ్నం దానికి సూప్ తాగించేది ఎవరనుకున్నావ్?”

“మీరే. కాదన్నానా? కానీ భర్తనని సంతకం పెట్టాక, అబద్ధమని తేలితే మీకు జైలు. నిజమని నమ్మితే హోమ్‌లో ఆవిడ మంచం పోతుంది. ఈ కాగితం నా దగ్గర ఆగదండీ, పైకి వెళ్తుంది.”

“ఆ మంచం కోసమే కదా ఈ తిప్పలు! హోమ్ ఉంచాలా, మూసెయ్యాలా అని ఈ ఓటులోనే అడుగుతున్నారు. మూసేస్తే దాన్నెక్కడ పెట్టను? ఇంట్లో ఎత్తబోయి రెండుసార్లు పడేశాను.”

“నా ఓటూ ఉంచమనేనండీ. ఇంకేం చెయ్యగలను?”

“చూడనట్టు అటు తిరుగు.”

“పైన కెమెరా ఉంది.”

“చెల్లెలని రాస్తే?”

“ఆర్విడ్ గారూ!”

“నువ్వు తల్చుకుంటే...”

“నేను తల్చుకుంటే ఏమవుతుందండీ? ఈ కుర్చీలోంచి లేవడానికే నాకు దిక్కులేదు.”

“సరే, సరే. ఏడవకు. నీ తప్పేముంది.”

ఆర్విడ్ కవరు కోటు లోపల పెట్టుకుని, కాళ్ళీడ్చుకుంటూ కారు దగ్గరికి వెళ్ళాడు పాపం.

“వేశావా?”

“వెయ్యనివ్వలేదే.”

“ఎందుకట?”

“సొంతవాళ్ళే వెయ్యాలట.”

“నువ్వేం చెప్పావు?”

“ఏం చెప్పను? నీకేమీ కానని ఒప్పుకుని వచ్చాను.”

“ముక్కు ఎర్రబడింది. ఏడ్చావా?”

“చలి.”

“పోనీలే. ఎక్కు.”

“పోనీలే ఏంటే? ఒక్క ఓటు తక్కువై ఆ హోమ్ మూతపడితే?”

“నా ఓటు తక్కువైతే అది మూతపడదులే.”

“అదేం మాట?”

“ఎక్కవయ్యా, చలిగాలి లోపలికొస్తోంది.”

“కవరు అంటించేటప్పుడు నన్ను చూడొద్దన్నావు. ఏం పెట్టావు డెల్ఫా అందులో?”

“మూసెయ్యమనే పెట్టాను. మూసేస్తే, నన్ను ఇంటికి తీసుకెళ్తావని.”