పేకాటకి కెమెరా ఎందుకు?

అమెరికాలోని టొలీడోలో ఓ దుకాణం. చవక లాప్‌టాప్‌ల వరుస ముందు నిలబడ్డ వర్నా, భర్త మెర్ల్ వైపు చూడకుండానే జవాబిస్తోంది.

“వంటల వీడియోలకీ నీ పేకాటకీ ఇది చాలు. కొనేసి పోదాం పద,” అన్నాడు మెర్ల్.

“దీని కెమెరాలో మొహం మసగ్గా ఉంది.”

“పేకముక్కలకి నీ మొహమెందుకు?”

“పైగా మాటిమాటికీ ఆగిపోతోంది.”

“ఆగితే ఆగనీ. దాంతో నువ్వేం వెలగబెడతావని?”

“పరీక్ష రాస్తాను.”

“ఏం పరీక్ష?”

“హైస్కూలుది. మన టాడ్ కడుపులో పడ్డాడని మానేశానే, అది. ఇంట్లోంచే రాయొచ్చు. రాసేది నేనేనని వాళ్ళు కెమెరాలో చూస్తుంటారు. గదిలో ఇంకెవరూ ఉండకూడదు.”

“నాకు చెప్పలేదేం?”

“పరీక్ష తప్పితే నీతో బౌలింగు ఆడే స్నేహితుల ముందు ఏడిపిస్తావని.”



“ఆ రోజు నేను సరస్సు మీదికి చేపలకి పోతాలే. కుక్కనీ తీసుకుపోతా, ఊరికే మొరుగుతుంది.”

“మరి ఇది తీసుకోనా?”

“అక్కడ పెట్టెయ్. ఆ పక్కన ఖరీదుది తియ్యి. మధ్యలో ఇది ఆగిందంటే నువ్వు మళ్ళీ నలభై ఏళ్ళు ఆగుతావు.”