ఎడమ పక్క మనిషి

కప్చగాయ్ జలాశయం ఒడ్డున, కేసినో ఎదుట టీ కొట్టు. మధ్యాహ్నం వేళ. పేకాట పోటీలో ఓడి అప్పుడే బయటికొచ్చిన ఎర్సైన్, అతనికి ఆ ఆట నేర్పిన అక్క కుల్యాష్.

“ఛీ! మళ్లీ చెప్పు. ఏ ముక్కలతో పోయావు?”

“చెప్పాగా అక్కా.”

“నా చెవులతో ఇంకోసారి వినాలి.”

“రెండు ఆసులు, ఒక ఏడు, ఒక రెండు. నాలుగూ నాలుగు జాతులు.”

“ఒమాహా ఆటలో అది చెత్తరా! నాలుగు ముక్కలిస్తే నాలుగూ కలిసి పనిచెయ్యాలి. నీ ఏడూ రెండూ ఊరికే కూర్చుని తమాషా చూశాయి. బల్ల మీద ఏం పడ్డాయి?”

“పది, తొమ్మిది, ఎనిమిది. అందులో రెండు ఆటీన్లు.”

“అసహ్యం. అప్పుడు నువ్వు?”

“బల్ల మధ్య పోగైన పందెం ఎంతుందో అంతా కట్టా.”

“ముందు పలకాల్సింది నువ్వే కదా?”

“నేనే.”

“ఎడమ పక్కవాడు నీ తర్వాత. నువ్వేం చేశావో తీరిగ్గా చూసుకుని ఆడతాడు. అలాంటి చోట ఆసులున్నా సరే, పడేసి కూర్చోమని ఎన్నిసార్లు చెప్పాను?”

“చాలాసార్లు.”

“వాడేం చేశాడు?”

“నేను కట్టినంతా ఆయనా వేశాడు. నాలుగో ముక్క తెరిచాక మళ్లీ కట్టా. మళ్లీ వేశాడు. ఆఖరి ముక్క ఆటీను. నేను ఊరుకున్నా. ఆయన కట్టాడు.”

“నువ్వు పడేశావు. పడేశానని చెప్పు.”

“నా దగ్గరున్న పందెం బిళ్ళలన్నీ తోసేసి చూపించమన్నా.”

“థూ! మూడు ఆటీన్లు కళ్లెదుట పెట్టుకుని, ఒక్క జత ఆసులతోనా! ఇంకొక్కడు పోతే ఆఖరి బల్ల దగ్గర ఉండేవాడివి. రెండేళ్లు నేర్పాన్రా నీకు!”

“ఒక్కసారేగా...”

“ఒక్కసారా? లోపల్నుంచి వచ్చినవాళ్లు నవ్వుకుంటూ చెప్పారు. పదకొండు ఆటలట. పదకొండుసార్లు వాడికి ముందే దిగి తన్నులు తిన్నావట. తాగావా?”

“లేదు.”

“పోనీ పిచ్చా?”

“తర్వాత ఆడేవాడు ముందాడినవాణ్ణి చూడాలి కదక్కా.”

“ఆఁ?”

“నువ్వే అన్నావుగా, చూసుకుని ఆడతాడని. అందుకే దిగా. చూడాలి కదా. నా మొహం.”

“నీ మొహం వాడెందుకు చూడ్డం?”

“టీ చల్లారిపోతోంది. తాగు.”

“ఎర్సైన్. ఎవడు వాడు?”

“ఎడమ చేతికి చిటికెన వేలు లేదు.”

“చిటికెన వేలా?”

“గొర్రెల బొచ్చు కత్తిరించే మిషన్లో పోయిందని నువ్వే చెప్పావు. పెట్టె అడుగున నువ్వు దాచిన ఫోటో నాకెప్పుడో దొరికింది. మీసం తెల్లబడింది, అంతే.”

“పేరు... పేరేమన్నారు?”

“బైమురత్ అని పిలిచారు.”

“ఆయన వెళ్లిపోయేటప్పటికి నువ్వు రెండేళ్లవాడివి. నీ మొహం ఆయనకెలా తెలుస్తుందిరా?”

“అమ్మ మొహమేగా నాది! అందరూ అంటారు. మూడు గంటలక్కా! నా బిళ్ళలు చూశాడు, నా చేతులు చూశాడు. తలెత్తి మొహం చూళ్లేదు. రోత పుట్టింది.”

“లేచి రావాల్సింది.”

“ఆఖరి ఆటలో చూశాడు. నా ఆసులు తిప్పాక. ‘ఇంత దరిద్రంగా ఆడటం ఎవరు నేర్పారు అబ్బాయ్?’ అన్నాడు.”

“నువ్వేమన్నావు?”

“‘మీ కూతురు’ అన్నా.”

“నా పేరు చెప్పావా?”

“లేదు.”

“చెప్పాల్సింది! పేరు వింటే... నా చేతిలో మొదటిసారి పేకముక్కలు పెట్టింది ఆయనేరా. ఒళ్లో కూర్చోబెట్టుకుని కలపడం నేర్పాడు. నన్ను మర్చిపోడు. ఏమన్నాడు? ఏడ్చాడా?”

“పోదాం పదక్కా.”

“ఏమన్నాడో చెప్పు.”

“బిళ్ళలు పేర్చుకుంటూ... ‘ఏ కూతురు?’ అన్నాడు.”