క్రూగర్ నాణెం జోలికి పోవద్దన్న పెద్దాయన

ప్రిటోరియా హోటల్లో వేలానికి ముందు నాణేలు చూపిస్తున్నారు. ఆమె భూతద్దం ఎత్తగానే పక్క కుర్చీలోని పెద్దాయన గొంతు తగ్గించాడు.

"ఆ క్రూగర్ బంగారు నాణెం జోలికి పోకమ్మా. ఎవరో తోమేశారు దాన్ని, విలువ పోయింది."

"తోమితే గ్రేడు డెబ్బైకి అరవై ఐదు ఎలా ఇస్తారు?"

"ఇచ్చేవాళ్లూ మనుషులేగా."

"పొద్దుట్నుంచీ మిగతావన్నీ తిప్పి తిప్పి చూశారు. దీన్ని మాత్రం ముట్టుకోలేదు. మీకే కావాలి, అవునా?"

"నాకా! నా వయసుకి ఈ రూయిబోస్ టీ చాలు."

"మా నాన్న నాణేల పెట్టెలో దీని గుంట ఒక్కటే ఖాళీగా ఉంది. మీరెంత పాడినా నేను తగ్గను."

"నీ ఇష్టం. తరవాత నన్ననకు."

ఆయన హాయిగా వెనక్కి వాలాడు. ఆ హాయి ఆమెకు నచ్చలేదు.

"పెద్దాయనా, మీ నంబరు అట్ట ఏది?"

"ఏ అట్ట?"

"పాట పాడేవాళ్లందరికీ గుమ్మం దగ్గర ఇచ్చారుగా. ఇదిగో, నాది పంతొమ్మిది."

ఆయన ఎప్పుడో చల్లారిన టీని ఊదుకున్నాడు.

"అంటే మీరు కొనడానికి రాలేదు. ఆ నాణెం మీదే! వద్దంటే నేనింకా ఎగబడతానని కదూ?"

"నేను మొదటే చెప్పాను కదమ్మా, దాని జోలికి పోవద్దని."