ఒంటికొమ్ము కారు

బాలస్వామి ఒక బోల్టు జేబులో ఏసుకొని ఊళ్ళు తిరిగాడంట. వట్టి బోల్టే గదా అని తీసెయ్యమాకండి. పాత అంబాసిడర్ కారుకి బంపరు బిగించే బోల్టు అది. తల గుండ్రంగా, నున్నగా, కుంకుడుకాయని సగానికి కోసినట్టు ఉంటది. తల కింద మెడ నాలుగు పలకలుగా ఉంటది. ఆ మెడ బెజ్జంలో కూచుందంటే ఇంక తిరగదు, బయటికి తల ఒక్కటే మెరుస్తా కనపడుద్ది. ఇప్పుడు కొట్లల్లో ఇచ్చేవి ఆరుపలకల తలవి, లారీకైతే బాగుంటయ్యి, ఈ కారుకి పెడితే ముక్కుపుడక తీసి మేకు కొట్టినట్టు ఉంటదంటాడు ఆయన. కారు నర్సమ్మది. సువార్తమ్మ అని, మిషను ఆసుపత్రిలో పురుళ్ళు పోసిన ఆమె, మన చుట్టుపక్కల నలభై దాటినోళ్ళలో సగం మంది ఆమె చేతుల్లో పడ్డవాళ్ళే, నువ్వూ అంతే, నవ్వమాక. ఆమెకి డ్రైవరు ఈ బాలస్వామి. నర్సమ్మకి ఎనభై దాటినయ్యి, ఆ కారుని షెడ్డులోంచి తీసి బాగుచేయించి గేటు లోపల పెడదాం, ఆమె కళ్ళారా చూసుకుంటది అన్నారంట ఆసుపత్రి వాళ్ళు. నేనుండగా వేరే మెకానిక్కు ఎందుకు, కొత్తగా వచ్చినప్పుడు ఎట్టా ఉందో అట్టా నిలబెడతా అన్నాడంట బాలస్వామి.

అన్నట్టే చేశాడనుకో. తుప్పు గీకాడు, నల్లరంగు ఏయించాడు, బంపరు వంకర తీయించి మెరుగు పెట్టించాడు. బోల్టులు కూడా పాత ఇనుము కొట్ల చుట్టూ తిరిగి తిరిగి, జేబులో ఉన్నదానితో సరిచూసుకొని సంపాదించాడు. దొరకనివల్లా కొమ్ములు. ముందు బంపరు మీద నిలువుగా రెండుంటయ్యి, జానెడు పొడుగు, మొహం చూసుకోవచ్చు వాటిల్లో. అవి లేకుండా చూస్తే పళ్ళూడిన నోరే. ఇంకో కారువి తెచ్చి పెట్టొచ్చు గదా అంటే ఒప్పుకోడు. ఎందుకంటే అసలువి యాడ పడిపోయినయ్యో ఆయనకి తెలుసు. తెలిసీ ముప్పై ఏళ్ళు అటు పోలేదు. అదీ సంగతి.

ఏమైందంటే, అప్పట్లో ఒక వానాకాలం రాళ్ళపాలెంలో ఒకామెకి కాన్పు కష్టమైతే నర్సమ్మ బాలస్వామిని పంపింది, తీసుకురమ్మని. తీసుకొస్తా ఉంటే ఎర్రవాగులో కారు దిగబడింది. వెనక సీట్లో ఆమె మూలుగుతా ఉంది, నీళ్ళు తలుపుకి తగులుతున్నయ్యి. ఊరోళ్ళంతా పరుగున వచ్చారు, మోకులు తెచ్చారు. మోకు ఎప్పుడూ కారు అడుగున చట్రానికి కట్టాల, డ్రైవరు అన్నవాడికి అది అఆలు. ఈయన నీళ్ళల్లోకి వొంగలేక, తొందరలో, బంపరు కొమ్ములకి కట్టాడు. లాగారు. కొమ్ములు రెండూ ఊడి వాగులో పడినయ్యి. ఇంక ఆ జనం మోకులు ఒదిలేసి, నడుముల్లోతు నీళ్ళల్లో దిగి, భుజాలు ఆనించి కారుని ఒడ్డుకి తోశారంట. తల్లీ బిడ్డా బతికారు. బాగానే ఉంది గదా? మర్నాడు నర్సమ్మ కారు చూసి, కొమ్ములేవి బాలస్వామీ అంది. నా తప్పు అంటే ఉద్యోగం పోద్దని భయమేసింది పాపం, ఇంట్లో నలుగురు పిల్లలు. నోటికి వచ్చింది అనేశాడు. నేను కారు తోసే మనుషుల కోసం పోయినప్పుడు రాళ్ళపాలెం వాళ్ళు విప్పుకున్నారమ్మా అన్నాడు. నర్సమ్మ ఒక్క మాట అనుకుందంటే మళ్ళీ తిరగేసే మనిషి కాదు. ఇంక మన కారు వాగు దాటదు, కాన్పు మనిషిని కావాలంటే వాళ్ళే ఇవతలి ఒడ్డుకి తెచ్చుకుంటారు అంది. దాటలా. ఆ తర్వాత రాళ్ళపాలెం ఆడోళ్ళని మంచం మీద మోసుకొచ్చేవాళ్ళు.

ఇప్పుడేమో కొమ్ములు ఇసకలో ఎవరికన్నా దొరికినయ్యేమో అడగటానికి ఆ ఊరే పోవాల్సి వచ్చింది. కాళ్ళు ఈడ్చుకుంటా పోయాడంట. ఆ రోజు వాళ్ళకి వాగమ్మ కొలుపు, వాగు తల్లి జాతర. వాగు ఒడ్డున రాతి అరుగు, అక్కడ కుమ్మరి రత్తమ్మ కూచుని అమ్మవారిని చింతపండు పెట్టి తోముతా ఉంది. ఏడాదికి ఒక్కసారి తోముతారంట, మిగతా రోజులంతా పసుపు మీద పసుపు. తోమేకొద్దీ పసుపు ఊడి లోపల తెల్లగా మెరుస్తా ఉంది. బాలస్వామి చూశాడు. జానెడు పొడుగు, ఒకటి కాదు, రెండు. వెనక ఇంకా బోల్టు ఉంది, నాలుగు పలకల మెడది, పసుపు కింద తుప్పన్నా పట్టలా.

నీళ్ళల్లో కొట్టుకొచ్చిన అమ్మవారు అని చిన్నోళ్ళు అనుకుంటన్నారు గానీ, రత్తమ్మకి తెలియకపోవటమేంది? ఈయన్ని గుర్తుపట్టి, రా బాలస్వామీ కూచో, నీ కారువే ఇయ్యి అందంట. ఎండాకాలం వాగు ఎండినప్పుడు ఇసకలో దొరికినయ్యంట. కారు వచ్చినప్పుడు ఇద్దామని ఇక్కడ పెట్టారు. కారు రాలా. ఏడాది చూశారు, రెండేళ్ళు చూశారు. మోసుకెళ్ళే మంచం ఈడ ఒక నిమిషం దించి, కడుపుతో ఉన్నామె చేత వీటిని తాకించేవాళ్ళు, కారు ఎదురొచ్చినా వస్తదేమో అని. తాకిస్తా తాకిస్తా పసుపు పూశారు, గాజులు కట్టారు, పేరు పెట్టారు. మా కోడలు మాత్రం ఈ రాళ్ళ మీదే కనింది, బిడ్డ దక్కలా, అని చింతపండు పిసుకుతానే చెప్పిందంట. తీసుకుపో నాయనా, నీయి నువ్వు తీసుకుపో అని రెండూ ఆయన చేతుల్లో పెట్టి, అప్పుడు అడిగిందంట, మరి అన్నేళ్ళు కారు ఎందుకు రాలేదయ్యా అని.

చూడండి, వాగుని చూసి నర్సమ్మ భయపడింది అంటే సరిపోను. ఎవరు పోయి అడుగుతారు? కొమ్ములు చేతిలో ఉన్నయ్యి, ఇంటికి దారి ఉంది. బాలస్వామి లేవబోయి మళ్ళీ కూచున్నాడంట.

"నేను అబద్ధం చెప్పానక్కా. మీరు దొంగిలించారని చెప్పాను."

మోకు కట్టిన కాడ్నుంచీ అంతా చెప్పాడు. అరవై ఎనిమిదేళ్ళ మనిషి, ముక్కు చీదుకుంటా. రత్తమ్మ తిట్టలా. తిట్టినా బాగుండును అనుకున్నాడంట. ఆమె ఆయన ఒళ్ళోంచి ఒక కొమ్ము తీసుకొని మళ్ళీ అరుగు మీద నిలబెట్టి పసుపు పూసిందంట.

"ఒకటి తీసుకుపో. రెండోది యాడుందని ఎవరడిగినా, నాకు చెప్పినట్టే చెప్పు."

అంతే అంది. ఆయన పోయి ఆ ఒక్కటీ బిగించాడు. నర్సమ్మని కుర్చీలో తీసుకొచ్చారు. కారు చుట్టూ తిప్పించుకుంది, బంపరు తడిమింది, ఒకచోట చెయ్యి ఆగింది. ఇంకోటి ఏది బాలస్వామీ అంది. మొదట అడిగింది ఆమేననుకో. అందరూ ఉండగా చెప్పాడు. నర్సమ్మ మొహం ఎట్టా అయిందో చెప్పటం నా వల్ల కాదు. ఈయన్ని ఏమీ అనలా. ఆ ఊళ్ళో పిల్లల్ని నా చేతుల్తో తీశాను, ఊరంతా దొంగలంటే ఎట్టా నమ్మాను, ఒక్కసారన్నా పోయి అడగలేకపోయానా అని తననే అనుకుందంట. కారు తియ్యి అంది. గేటు లోపల పెట్టాల్సిన కారు ఎర్రవాగు దాటింది, ఇప్పుడు వంతెన ఉందిలే. నర్సమ్మ, రత్తమ్మ ఆ అరుగు కాడ చేతులు పట్టుకొని కూచున్నారంట. ఏం మాట్లాడుకున్నారో బాలస్వామికి వినపడలా, దూరంగా నిలబడ్డాడు, దగ్గరికి పోబుద్ధి కాలా.

కారు ఇప్పుడు ఆసుపత్రి గేటు లోపలే ఉంది, ఎడమ పక్క ఒక్క కొమ్ముతో. ఆయన రోజూ వచ్చి తుడుస్తాడు. చూసిన ప్రతివాడూ అడగనే అడుగుతాడు, రెండోది ఏది తాతా అని. చేతిలో గుడ్డ కింద పెట్టి, మోకు కాడ్నుంచీ మొదలుపెడతాడు. నేనూ అడిగాను. నాలుగుసార్లు అడిగాను, ఎక్కడన్నా తన తప్పు కాస్త తగ్గించి చెప్తాడేమో చూద్దామని. తగ్గించలా. నాలుగోసారికి నేనే సిగ్గుపడి, ఇంకో గుడ్డ తీసుకొని కారు అటుపక్క అద్దం తుడిచి వచ్చాను.