ముగ్గురే ఎక్కే ఆటో

నీలం టిక్కులు పడ్డయ్ తీతన్నా. సదివినవ్ గదా, మల్ల సప్పుడేది?

"ఎక్కాలు నేర్పుమంటె ఎవాంజెలిన్ ఆటలు ఆడిపిచ్చింది" అని వాట్సాప్ గ్రూపుల వెడ్తవా? అందరి అమ్మనాయినలున్న గ్రూపుల? ట్యూషన్ నీదే, సరే. మూడో తరగతోళ్లకు గుణకారం నువ్వే చెప్పు అని నాకు ఒప్పజెప్పింది ఎవలు మరి?

ఆటలా అవి? తలుపు ముంగట ఇడిసిన చెప్పులు సూపెట్టిన. ఒక్కలకు రెండు, ఆరుగురికి ఎన్ని? ఒక్కొక్కటి లెక్కపెట్టుడెందుకు, ఆరుసార్లు రెండు అనున్రి అన్న. బట్టీ కొడితె నోటికి వస్తది, బుర్రకెక్కుతదా?

జబీన్‌నే సూడు. ఆటోలు రిపేర్ చేసే దస్తగిర్ కాక బిడ్డ. రెండో ఎక్కం గూడ రాకుండె. ఒకనాడు ఉరుక్కుంట అచ్చింది. "ఎవా అక్కా, మా అబ్బా షెడ్డుల నాలుగు ఆటోలు, ఒక్కోదానికి మూడు టైర్లు, పన్నెండు! లెక్కపెట్టలే అక్కా, ఊకెనే తెల్సింది!"

నాకు ఏడుపొచ్చిందన్నా. ఒట్టు.

శనివారం ట్యూషన్ హాల్ల అమ్మనాయినలందరి ముంగట జబీన్‌ను నిలవెట్టి ఏమడిగినవ్ నువ్వు? ఒక ఆటోల ముగ్గురు ఎక్కితె నాలుగు ఆటోలల్ల ఎంతమంది అని. "నలభై" అన్నది. హాలంత నవ్వుడే నవ్వుడు.

మన ఖని టౌన్‌ల ముగ్గురితోని కదిలే ఆటో ఏదన్నా? బసంత్‌నగర్ ఆటో ఎక్కి సూడు. డ్రైవర్‌కు అటొకలు ఇటొకలు, ఎనుక నలుగురు, ఆళ్ల ముంగట చెక్క మీద నలుగురు. పది! నువ్వు మూడు అన్నవ్, ఆమె ఇనలే, తప్పే. గని నాలుగు పదులు నలభై కాదా? గుణకారం అచ్చినట్టా రానట్టా?

దస్తగిర్ కాక గ్రీజు చేతులతోనే అచ్చిండు ఆనాడు, బిడ్డ లెక్క చెప్తదని. చెయ్యి పట్టుకొని తోల్కపోయిండు.

ఐదు రోజులాయె. పిల్ల వస్తలేదు. నీకేమన్న ఫికరుందా? బడికి గూడ పోతలేదట, కడుపునొస్తుందట.

ఇయ్యాల షెడ్డుకు పోయిన. నీ లెక్క కరెక్టే జబీన్, రేపటి సంది రా అన్న. తలకాయెత్తి సూసింది.

"మరి నువ్వెందుకు నవ్వినవ్ అక్కా?"

ఏం టైప్ చేస్తున్నవన్నా, ఆగు. చెప్పనియ్.

నవ్విన. మీ అందరికంటె ముందు నేనే. నలభై అనంగనే పక్కున నవ్విన. ఎవాంజెలిన్ గిట్లనే నేర్పింది అనుకుంటరేమో అని... నాకేం సంబంధం లేనట్టు. నన్ను సూసినంకనే మీరంత నవ్విన్రు.

ఆ పిల్ల ఆనాడు నా దిక్కే సూస్తుండె అన్నా.

రేపటి సంది మూడో తరగతి నువ్వే సూస్కో. ఎక్కాలు బట్టీ కొట్టిపిచ్చుకో పో.